బతికినంత కాలం అనుభవించి...

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నాన్న నా చేతిలో నాలుగు కాగితాలు పెట్టారు. "అమ్మాయ్, తెలుగు బి.ఏ. చదివావుగా. అక్షర దోషాలేమైనా ఉంటే దిద్దిపెట్టు" అన్నారు. చూస్తే ఆయన వీలునామా. ఇంకా చిత్తుప్రతే. రిజిస్ట్రారాఫీసు దగ్గర కూర్చునే దస్తావేజు లేఖరి చేత రాయించారట.

ఎర్ర పెన్ను తీసుకుని వరండాలో కూర్చున్నాను. మొదటి పేజీలోనే మూడుచోట్ల 'ఆస్థి' అని ఉంది. ఒత్తు తీసేసి 'ఆస్తి' చేశాను. "అస్థి అంటే ఎముక నాన్నా, ఆస్తికి ఆ ఒత్తు అక్కర్లేదు" అంటే నవ్వారు. అలా దిద్దుకుంటూ మూడో పేజీకొచ్చేసరికి ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది.

"సదరు ఇంటిని నా భార్య తన జీవితకాలమంతయు అనుభవించుటకే గాని దాన, వినిమయ, విక్రయములకు ఆమెకు ఎట్టి హక్కు లేదనియు, ఆమె తదనంతరము సదరు ఇల్లు నా కుమారునికి సర్వహక్కులతో సంక్రమించుననియు..."

ఒక్క అక్షర దోషం కూడా లేదు. కానీ నాకు మింగుడు పడలేదు. ఆ ఇల్లు 1991లో కట్టారు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. జీతంతో గోడలు లేచాయి గానీ, పునాదులకి అమ్మ రెండుపేటల గొలుసు వెళ్లింది, స్లాబుకి ఆరు గాజులు వెళ్లాయి. అప్పుడు నాకు పన్నెండేళ్లు. అమ్మ బోసి చేతులకి మట్టి గాజులు వేసుకోవడం నాకు బాగా గుర్తు. ఆ మాట ఈ నాలుగు కాగితాల్లో ఎక్కడా లేదు.

"ఈ వాక్యం మీరు చెప్పి రాయించారా నాన్నా?" అని అడిగాను.

"లేదమ్మా. అందరికీ అలాగే రాస్తాడట. అదే పద్ధతిట" అన్నారు.

ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరు మొదలుపెట్టారు? ఊరు తిరిగొచ్చాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మావారి స్నేహితుడొకరు వకీలు. ఆయన దగ్గర పాత పుస్తకాలు, తీర్పుల ప్రతులు తెచ్చుకుని, మధ్యాహ్నాలు పనులు తెమిలాక చదువుతూ కూర్చున్నాను. చదివాక తెలిసిందేమంటే, మన వంటింటి కబుర్లలోకి ఎన్నడూ రాని చరిత్ర ఒకటి ఆ ఒక్క వాక్యంలో దాక్కుని ఉంది.

వీలునామా మన మాటేనా?

ముందు మాట సంగతి చెబుతాను, అది నా చదువు కాబట్టి. 'వీలునామా' వినడానికి మన మాటలాగే ఉంటుంది. వీలు చూసుకుని రాసే నామా అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో 'వీలు' ఇంగ్లీషు 'విల్'. 'నామా' ఫారసీ నుంచి వచ్చింది, కాగితం, పత్రం అని అర్థం. రాజీనామాలో, చిరునామాలో ఉన్నది కూడా అదే. సీమనుంచి వచ్చిన మాటకి నవాబుల కాలపు తోక తగిలించి మనవాళ్లు తెలుగు చేసేసుకున్నారు. 'మరణశాసనం' అని సంస్కృతంలో ఒక మాట ఉంది గానీ, పెద్దవాళ్ల నోట వీలునామాయే ఎక్కువ.

మాట అరువుది ఎందుకయిందంటే, వస్తువు కూడా అరువుదే. మన ధర్మశాస్త్రాల్లో వీలునామా అనే ఏర్పాటే లేదు. మన ప్రాంతంలో ఉమ్మడి కుటుంబాలకి చెల్లింది మితాక్షర న్యాయం. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్య అది. 13వ శతాబ్దంలోనే మూలఘటిక కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బి.ఏ.లో మేం కేతనని దశకుమార చరిత్ర రాసినవాడిగా, తిక్కన కాలపువాడిగా, తెలుగులో వ్యాకరణం రాసినవాడిగా చదువుకున్నాం. ఆస్తిపాస్తుల తగవుల గురించి కూడా ఆయన పద్యాలు రాశాడంటే, అప్పట్లో దాన్ని దాటేశాం, పరీక్షలో రాదని.

మితాక్షర ప్రకారం మగపిల్లవాడికి పుట్టుకతోనే పిత్రార్జితంలో హక్కు వచ్చేస్తుంది. తండ్రి ఉమ్మడి ఆస్తికి పెద్ద, అంతే. పోయాక ఎవరికి ఏం చెందాలో ఆయన చెప్పడానికి ఆయనదంటూ విడిగా ఏదీ లేదు. పంచాలంటే బతికుండగానే పెద్దమనుషుల ముందు పంపకాలు చెయ్యాలి. లేదంటే ఉన్నవాళ్లకి కలిసిపోతుంది. ఆడపిల్లకి పెళ్లిలో పెట్టింది, పసుపు కుంకుమల కింద ఇచ్చింది దక్కుతాయి. ఉమ్మడిలో ఉండగా భర్త పోతే భార్యకి వచ్చేది మనోవర్తి, అంటే తిండీ బట్టా. భర్త వాటా పంచుకుని విడిపోయి, కొడుకులు లేకుండా పోతే మాత్రం ఆ ఆస్తి భార్యకి వచ్చేది.

అలా వచ్చిన ఆస్తి ఎలాంటిది? ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. ఆడదానికి వారసత్వంగా వచ్చింది కూడా స్త్రీధనమేనని విజ్ఞానేశ్వరుడు రాశాడు. అంటే 11, 12 శతాబ్దాల నాటి పండితుడు చెయ్యి కొంచెం సడలించాడు. 19వ శతాబ్దంలో లండన్‌లో ప్రివీ కౌన్సిల్ జడ్జీలు దాన్ని బిగించారు. భర్త నుంచి వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదు, ఆమె బతికినంత కాలం అనుభవించాలి, తప్పనిసరి అవసరానికి తప్ప అమ్మకూడదు, ఆమె పోయాక భర్త వారసులకి పోతుంది అని 1867 నాటికే తీర్పులిచ్చారు. 'హిందూ స్త్రీ పరిమిత హక్కు' అని దానికి పేరు పడింది. నాన్న కాగితంలో ఉన్న వాక్యానికి మొదటి వేరు ఇక్కడ కనిపించింది నాకు.

మద్రాసులో మొదలు, పిఠాపురంలో మలుపు

రెండో వేరు ఇంగ్లీషువాళ్ల వీలునామా. కంపెనీ వాళ్లతో వ్యాపారాలు చేసిన మద్రాసు పెద్దలు వాళ్లని చూసి వీలునామాలు రాయడం మొదలుపెట్టారు. దుబాసీగా లక్షలు గడించిన పచ్చయప్ప మొదలియారు 1794లో తన డబ్బు ధర్మకార్యాలకి రాశారు. హిందువులు రాసిన వీలునామాల్లో మనకి తెలిసినంతలో ఇది చాలా పాతది. ఆ డబ్బు ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, చివరికి 1842లో బడి అయింది. పచ్చయప్ప కళాశాల దానిలోంచి వచ్చిందే. మద్రాసులో చదువుకున్న మన తెలుగువాళ్లెందరికో ఆ పేరు సుపరిచితం.

1870లో హిందూ వీలునామాల చట్టం వచ్చింది గానీ అది బెంగాల్ వైపుకీ, మద్రాసు, బొంబాయి నగరాలకీ మాత్రమే. మన కోస్తా జిల్లాల్లో 1927 జనవరి 1 దాకా వీలునామా కాగితం మీదే ఉండాలన్న నియమం కూడా లేదు. మంచం పట్టిన మనిషి నలుగురిని పిలిచి నోటితో చెప్పినా చెల్లేది. ఆ నలుగురూ తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చెబితే ఆ ఇంటి గతి ఏమిటో ఊహించుకోండి.

వీలునామా ఎంత దూరం పోగలదో తేల్చిన కేసు కలకత్తాది. రవీంద్రనాథ్ ఠాగూర్ వంశంలోనే ఇంకో శాఖకి చెందిన ప్రసన్నకుమార్ ఠాగూర్ 1868లో పోయారు. ఒక్కగానొక్క కొడుకు క్రైస్తవంలో కలిశాడని అతనికి ఏమీ లేకుండా చేసి, ఆస్తంతా ట్రస్టీల చేతుల్లో పెట్టారు. ముందు ఒకరు బతికినంత కాలం అనుభవించాలి, తదనంతరం అతని కొడుకు, తదనంతరం మనవడు, అలా ఇంకా పుట్టని మగవాళ్ల దాకా గొలుసు అల్లేశారు. 1872లో ప్రివీ కౌన్సిల్ ఆ గొలుసుని తెంచేసింది. పుట్టని మనిషికి ఇవ్వడం కుదరదు, ఎవరికి వారు కొత్త వారసత్వ పద్ధతులు కనిపెట్టడానికి వీల్లేదు అంది. మొదటి మనిషి అనుభవించాక మిగిలింది, ఒక్క పైసా దక్కకూడదనుకున్న ఆ కొడుక్కే చెందాలని తేల్చింది. మన తర్వాత ముప్పై ఏళ్లకి ఇంట్లో ఏం జరగాలో కూడా ఇప్పుడే రాసేద్దాం అనుకునేవాళ్లు ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన పిఠాపురం. రాజా గంగాధర రామారావు గారు పిల్లలు లేక ఒక అబ్బాయిని దత్తత తెచ్చుకున్నారు. తర్వాత 1885లో కొడుకు పుట్టాడు. 1890లో రాజా గారు పోయారు. పోయేముందు జమీందారీ మొత్తం ఆ అయిదేళ్ల పిల్లవాడి పేర వీలునామా రాశారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కాడు. పిత్రార్జితాన్ని వీలునామాతో ఎలా ఇచ్చేస్తారు, నేను ముందొచ్చిన కొడుకుని కదా అని ఆయన వాదన. మితాక్షర ప్రకారం చూస్తే అందులో న్యాయం లేకపోలేదు. కానీ పిఠాపురం ముక్కలుగా పంచడానికి వీల్లేని జమీందారీ. పంపకమే లేనిచోట, ఉన్నాయన ఇవ్వకుండా ఆపే హక్కు ఇంకొకరికి ఉండదని 1899లో ప్రివీ కౌన్సిల్ వీలునామా పక్కనే నిలబడింది. ఇలాంటి తీర్పుల తర్వాత సంస్థానాలు చేజారిపోతాయన్న భయంతో మద్రాసు ప్రభుత్వం 1904లో జమీందారీల కోసం వేరే చట్టమే చేసింది.

ఆ పిల్లవాడు ఎవరో తెలుసా? సూర్యారావు బహద్దూర్. కాకినాడలో అనాథ శరణాలయం నడిపినవారు, రఘుపతి వెంకటరత్నం నాయుడి గారి శిష్యులు. జయంతి రామయ్య పంతులు గారి పూనికతో సాగిన మహా నిఘంటువుకి డబ్బు పోసినవారూ ఆయనే. 1936లో మొదటి సంపుటం వచ్చింది. అదే సూర్యరాయాంధ్ర నిఘంటువు. మా కాలేజీ లైబ్రరీలో బల్ల మీద పెట్టి రెండు చేతులతో తెరిచేవాళ్లం. ఒక వీలునామా అటో ఇటో అయి ఉంటే ఆ నిఘంటువు మన చేతికొచ్చేదా అనుకుంటే ఒక్క క్షణం గుండె జల్లుమంది. అలాగని దత్తత వచ్చిన ఆ అబ్బాయిని కూడా మర్చిపోలేను. ఒక ఇంటి నుంచి తీసుకొచ్చి కొడుకు అన్నారు, తర్వాత ఒక్క కాగితంతో కాదన్నంత పని చేశారు. వీలునామా ఒకరికి ఇచ్చిందంటే ఇంకొకరికి ఇవ్వనట్టే కదా.

నెల్లూరు తులసమ్మ

రాజులూ జమీందారులూ అయ్యారు. నాన్న కాగితంలోని ఆ వాక్యం ఒక మామూలు ఆడమనిషి బతుకులో ఏం చేసిందో తెలియాలంటే నెల్లూరు వెళ్లాలి.

తులసమ్మ భర్త వెంకటసుబ్బారెడ్డి 1931లో పోయాడు. సవతి సోదరుడు శేషారెడ్డితో ఉమ్మడిలో ఉండగానే పోయాడు. ఉమ్మడి కాబట్టి ఆస్తి ఆ సోదరుడికి కలిసిపోయింది. వితంతువుకి భర్త వాటా ఇచ్చే చట్టం 1937లో వచ్చింది, అది కూడా బతికినంత కాలం మాత్రమే అనుభవించే షరతుతో. ఈమెకి అదీ ఆరేళ్లు ఆలస్యం. 1944లో కోర్టు ఫీజు కట్టుకోలేని పేదరాలినంటూ నెల్లూరు మున్సిఫ్ కోర్టులో మనోవర్తి కోసం అర్జీ పెట్టుకుంది. 1946లో డిక్రీ వచ్చింది. దాన్ని అమలు చేయించుకోబోతే 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఇస్తాం, బతికినంత కాలం అనుభవించు, అమ్మడానికి వీల్లేదు, నువ్వు పోయాక మాకు తిరిగి వస్తుంది. అవే మాటలు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షన్ మొదటి భాగం, ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆస్తి ఇకమీద వాళ్లదే, పూర్తి హక్కుతో అంది. రెండో భాగం, వీలునామాలోనో దానపత్రంలోనో కోర్టు డిక్రీలోనో పరిమితి పెట్టి ఇస్తే ఆ పరిమితి అలాగే ఉంటుంది అంది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో పట్టుకున్నట్టు.

తులసమ్మ 1960లో కొంత కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. శేషారెడ్డి దావా వేశాడు. మున్సిఫ్ కోర్టులో ఆమె ఓడింది, జిల్లా కోర్టులో గెలిచింది, హైకోర్టులో మళ్లీ ఓడింది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమెదే న్యాయం అంది. మనోవర్తి అంటే ఎవరో దయతలచి పడేసింది కాదు, అది ఆమెకి ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కుకి బదులుగా ఇచ్చిన ఆస్తి మీద ఏ షరతులు రాసినా అవి చెల్లవు, ఆమె పూర్తి హక్కుదారు అని చెప్పింది. అర్జీ పెట్టిన నాటి నుంచి లెక్కేస్తే 33 ఏళ్లు. దేశంలో ఎక్కడ వితంతువు ఆస్తి కేసు నడిచినా ఇప్పటికీ మన నెల్లూరు తులసమ్మ పేరు ఎత్తుతారు. బళ్లో ఉండగా ఝాన్సీ లక్ష్మి, రుద్రమదేవి గురించి చదివాం గానీ ఈవిడ గురించి నాకు నలభై ఆరేళ్లకి తెలిసింది.

మరి భర్త వీలునామాలోనే అలా రాస్తే? కొన్ని తీర్పులు తులసమ్మ దారిలో వెళ్లాయి, కొన్ని రాసిన పరిమితే చెల్లుతుందన్నాయి. ఈ చిక్కు తేల్చమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు పెద్ద బెంచికి పంపింది. అంటే ఏమిటన్నమాట? గొడవలు రాకూడదని అందరూ వీలునామాలో రాయించుకునే ఆ వాక్యమే ఇన్నేళ్లుగా గొడవలకి కారణం అవుతోంది.

అమ్మకీ పిన్నికీ మధ్య తొమ్మిదేళ్లు

1956 చట్టంలో ఇంకో తిరకాసు ఉంది. వీలునామా లేకుండా పోయిన తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని ఆ చట్టమే చెప్పింది. తండ్రి వీలునామాతో ఆస్తిని తనకి నచ్చినవాళ్లకి రాసుకోవచ్చని, ఉమ్మడిలోని తన వాటాని కూడా రాయొచ్చని చెప్పింది కూడా ఆ చట్టమే. అంతకుముందు ఆ వాటా రాసే హక్కు లేదు. కూతుళ్లకి హక్కు వచ్చిన రోజే దాన్ని తప్పించే దారి కూడా తెరుచుకుందన్నమాట. వీలునామా రాయడం మన ఊళ్లలో అప్పటి నుంచే ఎందుకు మామూలైపోయిందో దీన్నిబట్టి నాకు కొంత అర్థమైంది.

1985లో రామారావు గారి ప్రభుత్వం కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు తెచ్చింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది, మనకి ఇరవై ఏళ్లు ముందే. అయితే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకే అది వర్తించింది. అమ్మ పెళ్లి 1977లో. పిన్ని పెళ్లి 1986 ఫిబ్రవరిలో. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు, ఒకరికి హక్కు లేదు, ఒకరికి ఉంది. తాతయ్య 1995లో మామయ్యలకి పొలాలు పంచి రిజిస్టరు చేయించారు. అమ్మకీ పిన్నికీ పసుపు కుంకుమల కింద తలో అరెకరం ఇచ్చారు. పిన్నికి అంతకన్నా ఎక్కువ రావాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లు లేరు కాబట్టి అడిగినవాళ్లూ లేరు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి 2005 చట్టం పోలేదు, కాబట్టి అమ్మకి అదీ లేదు. మొన్న పిన్నికి ఫోన్లో ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోనీలేవే, అన్నయ్యలు పండక్కి చీర పెడుతూనే ఉన్నారుగా" అంది. నాకు ఏం అనాలో తెలియలేదు.

తమ్ముడి ట్రస్టు

నాన్న వీలునామా సంగతి డాలస్‌లో ఉన్న తమ్ముడికి తెలిసి, "వీలునామా ఎందుకక్కా, లివింగ్ ట్రస్ట్ పెట్టేస్తే సరిపోతుంది, మేమిద్దరం ఇక్కడ అలాగే పెట్టుకున్నాం" అన్నాడు. అదేమిటో అదీ చదివాను.

ట్రస్టు అంటే ఆస్తిని ఒకరి చేతిలో పెట్టి ఇంకొకరి మేలు కోసం చూడమనడం. గుడి ఆస్తులకి ధర్మకర్తలున్నట్టు. బతికుండగానే పెట్టి, ఇష్టం మారితే రద్దు చేసుకునేలా రాసుకున్నదాన్ని అమెరికాలో లివింగ్ ట్రస్ట్ అంటారు. అక్కడ వీలునామా ఉన్నా, ప్రొబేటు అని కోర్టు తంతు ఒకటి గడవాలి. దానికి నెలలు, డబ్బు ఖర్చు. నార్మన్ డేసీ అనే ఆయన, వకీలు కూడా కాదు, 1965లో ప్రొబేటు ఎలా తప్పించుకోవాలో పుస్తకం రాస్తే విపరీతంగా అమ్ముడుపోయింది. మామూలు కుటుంబాల్లోకి ఈ ట్రస్టులు రావడానికి ఆ పుస్తకం పెద్ద కారణం. అక్కడున్న మనవాళ్లు చాలామంది ఇల్లు కొనగానే ట్రస్టు రాసుకోవడం దీనికోసమే.

కానీ తెనాలిలో హిందువు రాసిన వీలునామాకి ప్రొబేటు తప్పనిసరి కాదు. ఏ జబ్బుకి ఆ మందు కనిపెట్టారో ఆ జబ్బే మనకి లేదు. మనకి ట్రస్టుల చట్టం 1882 నుంచీ ఉంది. ఇల్లు ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టరు దస్తావేజు రాయాలి, స్టాంపు ఖర్చు చూసుకోవాలి. తర్వాత మనసు మారితే రద్దు చేసుకునే అధికారం ఆ దస్తావేజులో ముందే రాసుకోవాలి. లేకపోతే లబ్ధిదారులందరూ ఒప్పుకుంటేనే రద్దవుతుంది.

అలాగని ట్రస్టు పనికిరాదని కాదు. మా పెదనాన్న మనవడికి ఇరవై రెండేళ్లు. మనిషి బంగారం, కానీ డబ్బు లెక్క తెలియదు, ఎప్పటికీ తెలియకపోవచ్చు. అతని పేర ఇల్లు రాస్తే ఎవరైనా రాయించేసుకుంటారు. అలాంటి బిడ్డ కోసం నమ్మకస్తులైన ఇద్దరిని ధర్మకర్తలుగా పెట్టి ట్రస్టు రాయడం కన్నా మంచిది లేదు. అన్నయ్యకి అదే చెప్పాను. పిల్లలు లేని కందుకూరి వీరేశలింగం గారు తన ఆస్తినంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. అది సొంత కుటుంబం కోసం కాదు, వితంతువుల కోసం, చదువుల కోసం. మనిషి పోయినా పని ఆగకూడదనుకుంటే ట్రస్టు. తనని తాను చూసుకోగల మనిషికి ఇవ్వడానికైతే ఓ తిన్నని వాక్యం చాలు.

మళ్లీ మూడో పేజీ

ఈ చదువంతా అయ్యాక శివరాత్రికి మళ్లీ తెనాలి వెళ్లాను. ఈ మాట ఎత్తాలంటే నాకు భయమే. పెళ్లయిన కూతురు తండ్రి వీలునామా గురించి నోరెత్తితే ఏమనుకుంటారో మీకు తెలియనిది కాదు. అందుకే ముందే తమ్ముడికి ఫోన్ చేసి, "ఇల్లు నాకొద్దు, నేను అడుగుతున్నది అమ్మ గురించి" అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "నువ్వే మాట్లాడక్కా, నేనూ సరేనన్నానని చెప్పు" అన్నాడు.

నాన్న అంతా విన్నారు. తులసమ్మ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. చివరికి, "మీ అమ్మ అమ్మేస్తుందని కాదమ్మా నా భయం. ఆవిడ మెత్తన. ఎవరో వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి అమ్మించేస్తారేమోనని" అన్నారు.

అది కూడా నిజమైన భయమే. కొట్టిపారేయలేకపోయాను. కానీ ఒక మాట అడిగాను. "1991లో ఆ గొలుసు, గాజులు ఇచ్చేటప్పుడు అమ్మని ఎవరైనా మోసం చేస్తున్నారని అనుకున్నారా నాన్నా?"

ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

రెండు రోజుల తర్వాత ఆయనే పెన్ను అడిగి ఆ వాక్యాన్ని కొట్టేశారు. 'ఈ ఇంటి నిర్మాణమునకు తన బంగారమును ఇచ్చిన నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను' అని పైన రాశారు. చేతి రాత కొంచెం వణికింది. ఆ వాక్యం నేను దిద్దలేదు. వచ్చే వారం ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెడతారు, వాళ్లూ ఆయన ముందే పెడతారు. ఆ ఇద్దరిలో ఇంటివాళ్లెవరూ లేకుండా ఎదురింటి డాక్టరు గారిని, నాన్న పాత విద్యార్థి ఒకరిని అడిగాం. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తున్నాం, రేపు ఎవరూ సంతకం ఆయనది కాదనకుండా.

అమ్మకి చదివి వినిపించాను. పప్పులో పోపు వేస్తూ విని, గరిటె పక్కన పెట్టి, "అయితే నేను కూడా ఒకటి రాయాలన్నమాట" అంది.

"రాయాలమ్మా."

"సరే. రేపు మీ పిన్నిని రమ్మను. రాసే ముందు దాంతో మాట్లాడాలి" అంది.

ఏం మాట్లాడతారో నేను అడగలేదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం బీరువాలో ఉంటే ఓసారి తీసి చదవండి. అక్షర దోషాల కోసం కాదు. 'బతికినంత కాలం' అన్న మాట ఎవరి పేరు పక్కన ఉందో చూడండి.